పెద్దల్లుడి తొలి ముద్ద

మడత మాస్టారికి ఈ లోకంలో శత్రువులు ఇద్దరే. ఒకటి పసుపు మరక, రెండోది తోడల్లుడు. మొదటిదాన్ని ఎలా వదిలించాలో ఆయనకి బాగా తెలుసు.

ఆయన పనిచేసేది ఓ పెద్ద లాండ్రీలో. హోటళ్ళ నుంచి మూటలు మూటలుగా వచ్చే బల్లగుడ్డలు, చేతిరుమాళ్ళు అక్కడ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి తిరిగి పంపుతారు. మాస్టారిది మడతల బల్ల, అన్నిటికన్నా చివరిది. చుట్టూ ఆవిరి, యంత్రాల రొద, తడిగుడ్డ వాసన. వాటి మధ్య ఆయన నోరు విప్పకుండా నిలబడి అంచుకి అంచు కలుపుతూ ఉంటారు. కొత్తగా చేరినవాళ్ళకి మడతలు నేర్పేది ఆయనే కాబట్టి మాస్టారన్న పేరు అతుక్కుపోయింది. ఇంట్లోనూ అదే వరస. పాలపాకెట్టు కవరు, మందుల చీటీ, నిన్నటి పేపరు, ఏది చేతికొస్తే అది నాలుగు మడతలు పడాల్సిందే. "నన్నొక్కదాన్నే ఇంకా మడిచి బీరువాలో పెట్టలేదు" అంటుంది ఆయన భార్య.

పసుపు మరకతో పగ ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైంది. ఓ మధ్యాహ్నం పప్పన్నం తిని, చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండా తెల్లటి బల్లగుడ్డ పట్టుకుంటే, అయిదు వేళ్ళూ దాని మీద పచ్చగా దిగాయి. సూపర్‌వైజరు ఆ గుడ్డని పదిమందిలో ఎత్తి పట్టుకుని, "ఎవరిదయ్యా ఈ చెయ్యి?" అని అడిగాడు. ఎవరిదో అందరికీ తెలుసు. ఆనాటి నుంచి మాస్టారికో అలవాటు పట్టుకుంది. అరచేతికి తిండి తగిలిందంటే చాలు, నోట్లోది మింగేలోపే జేబురుమాలు బయటికొస్తుంది, చెయ్యి శుభ్రమైపోతుంది. ఇంట్లోనైనా అంతే, పెళ్ళిలోనైనా అంతే. ఆ పని తను చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

ఇక రెండో శత్రువు సంగతి చెప్పాలంటే ముందు ముద్ద సంగతి చెప్పాలి.

మాస్టారి మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రోడ్డు మీద బతికిన మనిషి కాబట్టి, ఇంట్లో నలుగురితో కూర్చుని తినే పూట ఆయనకి పండగే. అందరి కంచాల్లో వడ్డించాక, ఆయన తన కంచంలో అన్నమూ పప్పూ వేసి, వేళ్ళు పచ్చబడేలా కలిపి, ఇంత ముద్ద చేసి, అది తను తినకుండా ఒకరి చేతిలో పెడతారు. తరవాతే తన భోజనం. "ముందు ఒకరికి పెట్టి తింటే ఒంటబడుతుంది" అంటారు. చిన్నప్పుడు కూతుళ్ళిద్దరూ ఆ ముద్ద కోసం జుట్లు పట్టుకునేవారట. పెద్దకూతురికి పెళ్ళయి కొత్తల్లుడు మొదటిసారి పంక్తిలో కూర్చున్నప్పుడు, ఆయన కూతుళ్ళిద్దరినీ దాటించి చెయ్యి జాపి, ముద్ద అల్లుడి అరచేతిలో పెట్టారు.

మన మాస్టారు పెరిగింది పినతండ్రి ఇంట్లో. అక్కడ ఇంకాస్త పెట్టమని అడిగితే తిండిపోతు అనేవారు, అడక్కపోతే పొగరు అనేవారు. రెండిట్లో పొగరే నయమనుకుని ఆయన అడగడం మానేశారు. అలాంటి మనిషి చేతిలో, అడక్కుండానే, వెచ్చటి ముద్ద ఒకటి వచ్చి పడింది. ఆ పూట ఆయన ఏం తిన్నారో, ఎవరు ఏం మాట్లాడారో ఒక్కటీ గుర్తులేదు. ముద్ద మాత్రం గుర్తుంది. తరవాత కొన్నేళ్ళపాటు, అత్తారింట్లో ఎప్పుడు కూర్చున్నా ఆ ముద్ద ఆయనదే. ఎప్పటికీ ఆయనదేననుకున్నారు.

అప్పుడొచ్చాడు చిన్నల్లుడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఎవరో అతన్ని చూసే పుట్టించి ఉండాలి. చెప్పుల షాపులో సేల్స్‌మేను. వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు కొనాలనుకోని జోడు కూడా కొనిపించేదాకా నోరు మూయడు. మాస్టారు మనసులో అతనికి పెట్టుకున్న పేరు వసపిట్ట. పెళ్ళయిన వారానికే, మామగారు అన్నం కలుపుతూ ఉంటే, ఈ వసపిట్ట సిగ్గూ ఎగ్గూ లేకుండా చెయ్యి చాపేశాడు. "మామయ్యా, ఆ ముద్ద నాకేగా?" అన్నాడు. మామగారు ఓ క్షణం పెద్దల్లుడి వైపు చూసి, నవ్వి, ముద్ద అతని చేతిలో పెట్టేశారు. ఆ రోజు మారిన చెయ్యి మళ్ళీ మారలేదు.

మాస్టారు ఏమీ అనలేదు. అనడం ఆయనకి రాదు. లాండ్రీలో సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయినప్పుడు కూడా ఇలాగే అడక్కుండా కూర్చుంటే, ఆయన దగ్గర మడతలు నేర్చుకున్నవాడే వెళ్ళి అడిగి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అది ఆయన్ని బాధించలేదంటే నమ్మాలి. కుర్చీదేముంది, ముద్ద అలా కాదు. అత్తారింట్లో పంక్తిలో కూర్చున్న ప్రతిసారీ, ఆ పచ్చటి ముద్ద తన ముందు నుంచి దాటి అవతలి చేతిలో పడటం చూస్తుంటే, ఆయన కడుపులో ఇస్త్రీపెట్టె పెట్టినట్టు ఉండేది. అసూయే అది. దానికి ఇంకో మంచి పేరు పెట్టక్కర్లేదు.

పైగా పిలుపుల్లో తేడా ఒకటి. మామగారు పెద్దల్లుణ్ణి "అల్లుడుగారూ, మీరు" అంటారు. చిన్నల్లుణ్ణి "ఒరేయ్" అంటారు. ఆ గౌరవం ఎవరికి కావాలి? ఊళ్ళో అందరూ ఇచ్చేదే. "ఒరేయ్" అనిపించుకోవాలని ఓ మధ్యవయసు మనిషి తహతహలాడటం ఎవరైనా వింటే నవ్విపోతారని, ఆ మాట భార్యకి కూడా చెప్పుకోలేదు.

అత్తగారు పోయాక మామగారు చిన్నకూతురి ఇంటికి మారారు. పెద్దకూతురిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ముసలాయన మోకాళ్ళు అరిగిపోయాయి. కారణం అదే. మాస్టారికి మాత్రం ఆ మెట్లన్నీ వసపిట్టే కట్టించినట్టు తోచేది.

ఇలా ఉండగా మామగారి కళ్ళకి శుక్లాల ఆపరేషను అయింది. బాగా జరిగింది, కట్లు విప్పారు. ఆ డాక్టరే పంపించేముందు బీపీ కూడా చూసి, ఉప్పు తగ్గించమన్నాడు. ఆ మాట చెవినబడగానే మాస్టారి బుర్రలో దీపం వెలిగింది. వసపిట్ట ఇంట్లో ముసలాయనకి పూటపూటా ఊరగాయ వడ్డిస్తారని ఆయనకి తెలుసు. అంటే మామగారి ఆరోగ్యం పట్టించుకునేవాడు ఆ ఇంట్లో ఎవడూ లేడు. ఆ పట్టించుకునేవాడెవరో చూపించాలి.

"మీ నాన్నగారికి చూపొచ్చింది కదా, ఆదివారం అందరం హోటల్లో భోంచేద్దాం. నేను పెడతాను" అన్నారు భార్యతో.

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసింది. "జ్వరం లేదే" అంది.

ఆయన ఎంచుకున్న హోటలు మార్కెట్టు వీధి మలుపులో ఉంది. పైన ఎర్ర లైట్ల బోర్డు మీద ఇండియన్ రెస్టారెంట్ అని ఉంటుంది. వాళ్ళ బల్లగుడ్డలన్నీ మాస్టారి చేతుల మీదుగా వెళ్ళేవే. చిన్నల్లుడి ఇంట్లో అయితే వడ్డన అతనిది, మాటలు అతనివి, నవ్వులు అతనివి. ఇక్కడ బల్ల మీద పరిచిన గుడ్డ దగ్గర నుంచి తనది. తన రాజ్యంలో తన పంక్తి. ఆ పంక్తిలో మామగారు కలిపే ముద్ద ఎవరి చేతిలో పడాలో మీరే చెప్పండి.

శుక్రవారం సాయంత్రం గుడ్డల మూట ఇచ్చే వంకన ఆయనే స్వయంగా వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్ళారు. వంటాయన గంగాళం ముందు నిలబడి గరిటె తిప్పుతున్నాడు. మాస్టారు సంగతి చెప్పారు. పెద్దాయన ఒంట్లో బాగుండదు, ఉప్పు వద్దు, కారం వద్దు, నూనె చూసి వెయ్యండి.

"అర్థమైంది సార్. మీకు వేరే గిన్నెలో విడిగా చేయిస్తా" అన్నాడు వంటాయన. "పెద్దాయన ఒక్కరికేనా, బల్లకంతటికీనా?"

అక్కడ మాస్టారు ఆగారు. మామగారికి మాత్రమే చప్పటివి తెప్పిస్తే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆ వసపిట్ట ఊరుకోడు. తన గిన్నెలోంచి రెండు గరిటెలు తీసి ముసలాయన కంచంలో పోస్తాడు, ముసలాయన మురిసిపోతారు. ఇంక ఈ విందు పెట్టి ఏం లాభం?

"బల్లకంతటికీ" అన్నారు.

"బల్ల మీద ఉప్పు సీసా ఉంటుంది మరి."

"అదీ తీసెయ్యండి."

వంటాయన ఓసారి ఎగాదిగా చూశాడు. అయినా ఖాతాదారు మాట ఖాతాదారుదే. తల ఊపాడు. మర్నాడంతా మాస్టారు మడతల మధ్య ఒక వాక్యం తయారు చేసుకున్నారు. "మామయ్యగారూ, మీ ఒంటికి పడాలని దగ్గరుండి చెప్పి చేయించాను." యంత్రం బుస్సుమన్నప్పుడల్లా పెదాల మీద ఓసారి అనుకుని చూసుకున్నారు. బాగానే ఉంది. తోడల్లుడి మొహం మాడిపోవడం కూడా ఊహించుకున్నారు. అది ఇంకా బాగుంది.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు అందరికన్నా ముందే భార్యతో, కాలేజీలో చదివే కూతురితో వచ్చేశారు. బల్ల చివర మామగారికి కుర్చీ వేయించారు. దాని కుడిపక్క కుర్చీ మీద, బస్సులో సీటు ఆపుకున్నట్టు తన జేబురుమాలు పరిచి, ఇంకో కుర్చీ కోసం వెళ్ళారు. తిరిగొచ్చేసరికి మరదలు మామగారిని నడిపించుకుని రావడం, వెనకాల చిన్నల్లుడు తలుపు పట్టుకోవడం, మామగారు కూర్చుంటూనే పక్క కుర్చీ మీద చరచి, "ఒరేయ్, ఇలా వచ్చి కూర్చో" అనడం అన్నీ అయిపోయాయి. వసపిట్ట రుమాలు మీదే కూర్చున్నాడు. చూసుకోనుకూడా లేదు.

"ఏంటన్నయ్యా, నిలబడే ఉన్నారు? కూర్చోండి కూర్చోండి" అన్నాడు, హోటలు తనదైనట్టు.

మాస్టారు బల్లకి అవతలివైపు మూడో కుర్చీలో కూర్చున్నారు. జేబులో రుమాలు లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒక్కొక్క కంచం మీద విసనకర్రలా మడిచిన తెల్ల రుమాలు నిలబడి ఉంది. అవన్నీ ఆయన మడిచినవే, ఈ పూట కోసం ప్రత్యేకంగా. మామగారు కొత్తచూపుతో దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఎంత బాగుందో" అనబోయారో ఏమో, మాస్టారు ముందుకి వంగారు. ఈలోగా చిన్నల్లుడు తన రుమాలు తీసి తల మీద తురాయిలా పెట్టుకున్నాడు.

"మహారాజుల వారికి ఏం వడ్డించమంటారు?" అన్నాడు గొంతు మార్చి.

మామగారు పకపకా నవ్వారు. మరదలు నవ్వింది. సొంత కూతురు కూడా, "బాబాయ్, అలాగే ఉండు, ఫోటో తీస్తా" అంటూ ఫోను ఎత్తింది. మాస్టారు తన మడత విప్పుకుని ఒళ్ళో పరుచుకున్నారు. కన్నబిడ్డ కూడా అటే. ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

తిండి వచ్చింది. బుగ్గమీసాల సర్వరు వరసగా గిన్నెలు పెట్టి వెళ్ళాడు. పప్పు, రెండు కూరలు, పనీరు, రొట్టెలు, ఆవిరి కక్కుతున్న అన్నం. చూడటానికి పెళ్ళిభోజనంలా ఉంది. మరదలు రొట్టె ముక్క కూరలో ముంచి నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, నమలడం మధ్యలో ఆపి, అక్కగారి వైపు చూసింది. అక్కగారు అప్పటికే ఆవిడ వైపు చూస్తోంది.

"ఉప్పెయ్యడం మర్చిపోయారేమో" అంది మెల్లగా.

"ఒకదాంట్లో మర్చిపోతారు పిన్నీ, అన్నిట్లోనా?" అంది కూతురు. "నాన్నా, ఇదేం హోటలు? పనీరు తింటుంటే రబ్బరు నమిలినట్టుంది."

మాస్టారు పనీరు నోట్లో పెట్టుకున్నారు. నిజమే. ఉప్పు తక్కువ అంటే కాస్త తక్కువగా వేస్తారనుకున్నారు. వంటాయన మాటంటే మాటే అనుకునే రకం, ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు. కూర మొహాన ఎర్రగా ఉంది, నోట్లో వేసుకుంటే వేణ్ణీళ్ళు. తయారు చేసుకున్న వాక్యం గొంతులోనే ఉండిపోయింది. "దగ్గరుండి చెప్పి చేయించాను" అని ఇప్పుడంటే ఏమవుతుందో తెలుస్తూనే ఉంది. తేలు కుట్టిన దొంగలా రొట్టె నములుతూ కూర్చున్నారు.

చిన్నల్లుడు సర్వర్ని పిలిచి, "బాబూ, కాస్త ఉప్పు" అన్నాడు. సర్వరు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు వద్దన్నట్టు కనుబొమలు కదిపారు. సర్వరు "తెస్తానండీ" అని వెళ్ళి, ఇంక అటుపక్కకే రాలేదు.

అప్పుడు మామగారు అన్నంలో పప్పు పోసుకుని కలపడం మొదలుపెట్టారు. మాస్టారు ఎడంచేత్తో ఒళ్ళో గుడ్డని నలిపేస్తున్నారు, తను మడిచిన గుడ్డని. భోజనం తను పెడుతున్నది, బల్ల తనది, ఈ ఒక్కసారైనా చూపు ఇటు తిరగదా? మామగారు వేళ్ళు నాలిక్కి తగిలించి రుచి చూశారు. మొహం ముడుచుకుంది. చేసిన ముద్దని చూసుకుని, చిన్నల్లుడు అలవాటుగా చాపిన చేతిని చూసి, తల అడ్డంగా ఊపారు.

"వద్దురా. ఇది ఒకరి చేతిలో పెట్టాల్సిన ముద్ద కాదు. ఉసురు తగులుతుంది" అని కంచం అంచున పెట్టేశారు.

ఇన్నేళ్ళలో మొదటిసారి తొలి ముద్ద ఎవరికీ దక్కలేదు. వసపిట్టకి దక్కనందుకైనా మాస్టారికి సంతోషం కలగాలి కదా, కలగలేదు. ముద్ద అలా దిక్కులేకుండా కంచం అంచున కూర్చుని ఉంటే తన మొహం తనకే చూపిస్తున్నట్టు ఉంది.

చిన్నల్లుడు మాత్రం ఓడిపోయే రకమా? మామగారి చెవిలో ఏదో చెప్పి, చొక్కా జేబులోంచి బొటనవేలంత సీసా తీశాడు. మూత తియ్యగానే ఘాటైన వాసన బల్లంతా కమ్మేసింది. ఊరగాయ! ముసలాయన కళ్ళు, ఆపరేషనైన కళ్ళు, ధగధగా మెరిశాయి.

"ఒరేయ్, నువ్వు మామూలోడివి కాదురా!" అన్నారు.

అంతే, మాస్టారికి పుండు మీద కారం చల్లినట్టైంది.

"ఆయనకి బీపీ!" అని అరిచారు. అరవడం ఆయనకే కొత్త. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "డాక్టరు వద్దన్నాడు. నీకేమైనా బాధ్యత ఉందా? ఆయన నవ్వితే చాలు నీకు, ఏమైపోయినా పర్లేదు!"

"చిటికెడే అన్నయ్యా, నాలిక్కి రాసుకోడానికి" అన్నాడు చిన్నల్లుడు తెల్లబోయి. "ఇదేమో మరీ చప్పగా ఉంది..."

సరిగ్గా ఆ సమయానికి, వంటింటి తలుపు తోసుకుని వంటాయన బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, మొహం నిండా తృప్తితో నేరుగా మాస్టారి కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉంది సార్? మీరు చెప్పినట్టే చేశాం. ఒక్క రవ్వ ఉప్పు తగలనివ్వలేదు. బల్లకంతటికీ విడిగా. మీరన్నారని ఉప్పు సీసా కూడా తీయించేశా."

కుడితిలో పడ్డ ఎలకని చూసినట్టు అందరూ మాస్టారి వైపు చూశారు. వంటాయనకి ఏదో తేడాగా తోచి, "మళ్ళీ రండి సార్" అని వచ్చినదారినే పోయాడు.

"మీరా?" అంది భార్య.

"నాన్నా!" అంది కూతురు.

"పెద్దాయనకి ఉప్పు తగ్గించమంటే అర్థముంది. మా అందరికీ దేనికి బావగారూ?" అంది మరదలు.

దేనికో చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. బీపీ అనబోయారు, ఆరోగ్యం అనబోయారు. ఆ మాటలేవీ రాలేదు. కంచం అంచున ముద్ద కనపడింది.

"ఆ ముద్ద కోసం" అన్నారు. "అది నాది. వీడు రాకముందు నాదే కదా. నేనేం తప్పు చేశానని వాడికిచ్చేశారు? పెద్దల్లుణ్ణి నేను. ఇక్కడైనా నాకు పెడతారేమోనని... నా ఎదురుగా ప్రతిసారీ వాడి చేతిలో పెడుతుంటే నాకెలా ఉంటుంది?"

జుట్టు నెరిసిన మనిషి హోటల్లో కూర్చుని ముద్ద కోసం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మామగారు ఆయన మొహంలోకి చాలాసేపు చూశారు. కొత్తచూపు కాబట్టి చూడగలిగారేమో.

"మీకు ఇష్టం లేదనుకున్నాను అల్లుడుగారూ" అన్నారు చివరికి.

"నాకా?"

"నేను ముద్ద పెట్టడం ఆలస్యం, మీరు రుమాలు తీసి చెయ్యి తుడుచుకునేవారు. నోట్లోది మింగేదాకా కూడా ఆగేవారు కాదు. శుభ్రమైన ఉద్యోగం, శుభ్రమైన మనిషి. బస్సు తోలిన చేతి ఎంగిలి అసహ్యమేమో, మొహమాటానికి తింటున్నారేమోననుకున్నా. మీ అత్తగారు కూడా అంది, ఆయన్ని ఇబ్బంది పెట్టకండని. వాడొచ్చి చెయ్యి చాపాడు. హమ్మయ్య, పెద్దల్లుణ్ణి వదిలేద్దాం అనుకున్నాను. మీరు ఒక్కమాట అడిగితే కదా!"

మాస్టారు తన చేతుల వైపు చూసుకున్నారు. మరకలేని చేతులు. పసుపు మరక, తోడల్లుడు వేరువేరు శత్రువులనుకున్నారు ఇన్నేళ్ళూ.

"అది... లాండ్రీలో అలవాటండీ" అన్నారు. "గుడ్డకి అంటుకుంటుందని."

ఉన్నట్టుండి మామగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు. నవ్వుతూనే అంచున పెట్టిన ముద్దని మళ్ళీ కంచంలోకి లాగి, ఇంకాస్త పప్పు పోసి, వేళ్ళు పచ్చబడేలా కలిపారు. చిన్నల్లుడు ఊరగాయ సీసా ముందుకి జరిపాడు. ఆయన దాన్ని మోచేత్తో పక్కకి నెట్టేశారు.

"దీనికది లేదు. అడిగి మరీ ఉప్పులేకుండా వండించుకున్నాడు, అలాగే తినాలి" అన్నారు. "ఒరేయ్ పెద్దోడా, చెయ్యి చాపు."

మాస్టారు చెయ్యి చాపారు. చల్లారిపోయిన ముద్ద, బరువుగా, మెత్తగా వచ్చి అరచేతిలో పడింది. నోట్లో పెట్టుకున్నారు. అంత చప్పటి తిండి ఆయన జన్మలో తినలేదు. నమిలారు. చెయ్యి తనంతట తనే ఒళ్ళో తెల్లగుడ్డ వైపు వెళ్ళింది. సగం దారిలో ఆపుకున్నారు.

తల ఎత్తితే ఎదురుగా తోడల్లుడు. మొహాన నవ్వు అలాగే అతికించుకుని ఉన్నాడుగానీ, కళ్ళు మాస్టారి అరచేతిని వదలడంలేదు. చాపిన తన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకున్నాడో, ఊరగాయ సీసా మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ చూపు మాస్టారికి కొత్తేమీ కాదు. ఇన్నేళ్ళూ గడ్డం గీసుకుంటూ రోజూ అద్దంలో చూసిందే.

ఆయన ముద్ద పూర్తిగా మింగారు. చెయ్యి తుడుచుకోలేదు. పచ్చటి అరచేతిని అందరికీ కనపడేలా బల్ల మీదుగా ముందుకి చాపి, తోడల్లుడి వైపే చూస్తూ అడిగారు.

"ఇంకోటి పెట్టు మామయ్యా."